స్లీవ్ సర్జరీ అయి ఏడు నెలలు: గ్రూపులో కిలోల లెక్క తప్ప ఇంకేం లేదు, మీరెలా నెట్టుకొస్తున్నారు?

ఖమ్మం టీచర్:

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. వైరా వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. వయసు 41. ఏడు నెలల కింద హైదరాబాద్‌లో స్లీవ్ సర్జరీ, అంటే బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్, చేయించుకున్నాను. అప్పుడు 108 కిలోలు, ఇప్పుడు 79. షుగర్ మాత్రలు డాక్టర్ ఆపేశారు, బీపీ మాత్ర సగానికి తగ్గించారు. రెండో అంతస్తులో పదో తరగతి గదికి ఆయాసం లేకుండా వెళ్తున్నాను. కాబట్టి సర్జరీ మీద నాకేమీ ఫిర్యాదు లేదు.

నా గొడవ వేరే. మొదట్లో హాస్పిటల్ వాళ్లు ఒక వాట్సాప్ గ్రూపులో కలిపారు. లిక్విడ్ డైట్ రోజుల్లో ఆ గ్రూపు లేకపోతే నాకు పిచ్చెక్కేది. పప్పుకట్టు వడకట్టి తాగడం, మజ్జిగలో ప్రోటీన్ పౌడర్ ఉండలు కట్టకుండా కలపడం, ఎక్కిళ్లు వచ్చినా ముక్కు కారినా కడుపు నిండినట్టే, ఆ ముద్ద దగ్గరే ఆపేయాలని తెలుసుకోవడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. అందులో ముప్పాతిక వంతు ఒక్క అక్కే చెప్పింది. ఆమెకు సర్జరీ అయి మూడేళ్లు.

ఇప్పుడది తూకాల గ్రూపు అయిపోయింది. ప్రతి సోమవారం పొద్దున అందరూ వెయింగ్ మిషన్ మీద కాళ్లు పెట్టి ఫోటో పంపుతారు. మైనస్ రెండు, మైనస్ మూడు, చప్పట్లు, పూలగుత్తులు. ఆ అక్కకి బరువు కొంచెం పెరిగిందట. ముందు ఫోటోలు మానేసింది, తర్వాత మాటలు మానేసింది, ఒకరోజు చూస్తే గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు వచ్చింది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. నా మిషన్ కూడా నెలన్నరగా 79 దగ్గరే నిలబడింది. ఆదివారం సాయంత్రం నుంచే టెన్షన్ మొదలవుతోంది.

స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. థైరాయిడ్ మందులు మార్చారని స్టాఫ్ రూంలో అనుకుంటున్నారు, నేను కాదనలేదు. థైరాయిడ్ ఎలాగూ ఉంది. "కోడలు కడుపు కోయించుకుందట" అని చుట్టాలు అనుకోకూడదని మా అత్తయ్య కూడా అదే చెబుతోంది. ఇంటర్వెల్‌లో మిర్చి బజ్జీ పొట్లం విప్పి "ఒక్కటి తింటే ఏమవుతుంది మేడమ్" అని చేతిలో పెడతారు. జుట్టు మాత్రం దువ్వెన నిండా వస్తోంది.

మొదటి ఏడాది దాటినవాళ్లు చెప్పండి. నిజంగా నిలిచిన అలవాట్లు ఏవి? తూకం ఆగినప్పుడు, పెరిగినప్పుడు కూడా మనుషులు ఉండే గ్రూపు ఎక్కడైనా ఉందా, మనమే పెట్టుకోవాలా? వచ్చే నెల మా మరిది పెళ్లి, అక్కడ ఎలా తప్పించుకోవాలి?

గోదారి బైపాస్:

టీచర్ గారూ, మాది రాజమండ్రి, ఎరువుల షాపు. నాది గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే కడుపుని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకి అతికే ఆపరేషన్, ఆరేళ్లయింది. 46 కిలోలు తగ్గి, అందులో 11 మళ్లీ తెచ్చుకున్నవాణ్ణి. కాబట్టి మీ సోమవారం గ్రూపులో నాకూ చోటుండదు.

మొదటి ఏడాది తగ్గేదంతా సర్జరీ పుణ్యమేనండి. స్లీవ్‌లో కడుపు 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోనే పోతుంది. మా బైపాస్ వాళ్లకి మిగిలేది ఓ 30 మిల్లీలీటర్ల సంచి. ఆ రోజుల్లో ఆకలే ఉండదు, ఆ గొప్పంతా మనదే అనుకుంటాం. ఏడాదిన్నర, రెండేళ్లు దాటాక ఆకలి మెల్లగా తలుపు తడుతుంది. అసలు పరీక్ష అప్పుడు.

నాకు 11 కిలోలు బిర్యానీ తినడం వల్ల రాలేదు. బిర్యానీ నాలుగు ముద్దలకే ఆగిపోతుంది. జంతికలు, బూందీ, చేగోడీలు. షాపులో గల్లాపెట్టె పక్కన డబ్బా ఉండేది. నోట్లో పొడయ్యి జారిపోయేవి ఈ కడుపులో ఎన్నైనా పడతాయి. పల్చటి చారన్నం కూడా ఆ జాతే. చేపముక్క, గుడ్డు, ఉడికించిన శనగలు అలా జారవు, కాసేపు కూర్చుంటాయి. అందుకే నా పళ్లెంలో ముందు కూరో చేపో గట్టిపప్పో ఉంటుంది. అన్నం ఆఖరున, అప్పటికి చోటుంటే. తింటూ నీళ్లు తాగను, తిన్న అరగంట దాకా ముట్టను. మా ఆవిడ ఇప్పటికీ అలవాటుకొద్దీ కంచం పక్కన గ్లాసు పెడుతుంది, నేను తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెడతాను. ఆరేళ్లలో నిలిచినవి ఇవే. జిమ్‌కి కట్టిన డబ్బులు గోదాట్లో కలిశాయి, నడక మాత్రం మిగిలింది.

గ్రూపు సంగతి. మేం నలుగురం ఉన్నాం. ఇద్దరం రాజమండ్రి, ఒకాయన కొవ్వూరు, ఒకమ్మాయి కాకినాడ. కిలోలు రాయకూడదని పెట్టుకున్నాం. పొద్దున మొదట తిన్నదాని ఫోటో పెట్టాలి, అది పెసరట్టయినా సరే, పూరీ అయినా సరే. ఎవరైనా రెండు మూడు రోజులు కనపడకపోతే మెసేజ్ పెట్టం, ఫోనే చేస్తాం. ఆదివారం గౌతమీ ఘాట్ దగ్గర నడక. కాకినాడ అమ్మాయి అదే టైముకి అక్కడ బీచ్‌లో నడుస్తూ ఫోన్లో ఉంటుంది.

ఫోన్ ఎందుకంటే చెబుతాను. ఓసారి కొవ్వూరు ఆయన మాట్లాడటం మానేశారు. ఫోన్ చేస్తే, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకుంటున్నానన్నారు. నాలుగు మాటలయ్యాక, విరేచనం నల్లగా అవుతోందని కూడా చెప్పారు. బైపాస్ అయినవాళ్లకి ఆ రకం నొప్పి మాత్రలు అతుకు దగ్గర పుండు చేస్తాయండి. ఆ రోజే సర్జన్ దగ్గరికి పంపాం. తూకం ఫోటోలో ఇలాంటివి కనపడవు. మందు అలవాటున్న మగవాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్లకో మాట: ఈ సర్జరీల తర్వాత మద్యం చాలా త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. పాత లెక్కలు పనికిరావు.

పెళ్లికి నా ఉపాయం ఒకటుంది. నేను వడ్డించే పక్షంలో చేరిపోతాను. చేతిలో నెయ్యి గిన్నె ఉన్నవాణ్ణి తిన్నావా అని ఎవరూ అడగరు. మీది మగపెళ్లివారి హోదా కాబట్టి అది కుదరకపోవచ్చు. బఫే అయితే స్వీటు పెట్టే చిన్న ప్లేటు తీసుకోండి, దాన్లోనే కూర, పనీరు పెట్టుకోండి. స్వీట్లతో మాత్రం ఆటలొద్దు. మా మేనకోడలి పెళ్లిలో ఆత్రేయపురం పూతరేకు ఒక్కటే తిన్నాను. పావుగంటలో గుండెదడ, ఒళ్లంతా చెమటలు, కడుపులో మెలి. తాళి కట్టే టైముకి నేను పెళ్లివారి గదిలో పడుకుని ఉన్నాను. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్లకి ఎక్కువ, స్లీవ్ వాళ్లకి తక్కువే గానీ అసలు రాదని కాదు.

ఊరికే చూసిపోయేవాడు:

ఇన్ని పాట్లు పడే బదులు ముందే నోరు కట్టుకుని నడిస్తే సర్జరీ ఖర్చు మిగిలేదిగా? షార్ట్‌కట్‌లో వెళ్లి మళ్లీ సపోర్ట్ గ్రూపులు కావాలా?

గోదారి బైపాస్:

బాబూ, పదిహేనేళ్లు నోరు కట్టుకున్నాకే వెళ్లానయ్యా. తగ్గిన ప్రతిసారీ అంతకు రెండు కిలోలు ఎక్కువే తిరిగొచ్చింది. ఈ సర్జరీలు చేసే డాక్టర్ల అమెరికా సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి 2022లో, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 35, ఆపైన ఉంటే వేరే జబ్బు లేకపోయినా సర్జరీని సిఫార్సు చేశాయి. మన ఆసియా వాళ్లకి ఆ గీత ఇంకా కిందికి ఉండాలన్నాయి. వాళ్లకి తెలియని షార్ట్‌కట్ నీకు తెలిసుంటే వేరే పోస్టు పెట్టు, వచ్చి చదువుతాను. ఇక్కడ టీచర్ గారు అడిగినదానికి జవాబులు నడుస్తున్నాయి.

విశాఖ డైటీషియన్:

టీచర్ గారూ, నేను బేరియాట్రిక్ (బరువు తగ్గే సర్జరీ) పేషెంట్లను చూసే డైటీషియన్‌ని. రిపోర్టులు చూడకుండా మందులు చెప్పను, మీ సర్జన్ టీమ్ మాటే ఆఖరు.

జుట్టు గురించి ముందు. ఆపరేషన్ ఒత్తిడి, త్వరగా బరువు తగ్గడం, ఈ రెండింటికీ చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. మూడో నెల ప్రాంతంలో రాలడం మొదలవుతుంది. కుదుళ్లు చావవు కాబట్టి కొన్ని నెలలకు తిరిగి వస్తాయి. ఏడో నెలలో కూడా దువ్వెన నిండుతోందంటే మాత్రం ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే పరీక్ష), బీ12, జింక్, థైరాయిడ్ చూపించుకోవాలి. అందరూ చేసేది బయోటిన్ కొనడం. పెద్ద మోతాదులో వాడితే అది థైరాయిడ్ పరీక్ష ఫలితాన్నే తారుమారు చేస్తుంది. మీకు థైరాయిడ్ ఉందంటున్నారు, కాబట్టి వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు ల్యాబ్‌లో చెప్పండి.

రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ కావాలి. మన వంటల్లో అది తేలిగ్గా రాదు. గుడ్డుకి 6 గ్రాములు. 50 గ్రాముల పనీరుకి 9. ఎండు మీల్ మేకర్ 30 గ్రాములు నానబెట్టి కూర చేస్తే 15. ఇడ్లీకి రెండు గ్రాముల అటూ ఇటూ. అంటే రెండిడ్లీలతో కడుపు నింపుకున్న పూట ఆ చోటు వృథా అయినట్టే. దానికంటే పెసరట్టు నయం, గుడ్డు పెసరట్టు ఇంకా నయం. మీ స్కూలు డబ్బాలో ఏముంటోందో రాయండి. టీచర్లలో నేను ఎక్కువగా చూసేది ఒకటుంది: పొద్దున హడావుడిలో ప్రోటీన్ మానేస్తారు, మధ్యాహ్నం కొంచెం పెరుగన్నం, సాయంత్రం బిస్కెట్లు, రాత్రికి అరవై ఎలా పూర్తవుతుంది?

ఏడో నెలలో తూకం నిలబడటం మామూలే. నడుము కొలత టేపుతో చూడండి, అది తగ్గుతూ ఉండవచ్చు.

గోదారి గారితో ఒక్కచోట నేను ఒప్పుకోను. గ్రూపులో కిలోలు రాయకపోవడం మంచిదే, కానీ తూకమే చూసుకోకపోతే కష్టం. వారానికోసారి చూసుకుని, ఎవరో ఒకరికి, కనీసం మీ డైటీషియన్‌కి పంపండి. మూడు కిలోలు పెరిగినప్పుడు వచ్చినవాళ్లతో నాకు పని సులువు. పదిహేను పెరిగేదాకా సిగ్గుపడి ఇంట్లో కూర్చుని వచ్చినవాళ్లతో చాలా కష్టం, వాళ్లే నా దగ్గర ఎక్కువ. రెండో ఏడాది తర్వాత కొంత పెరగడం మాకు రోజూ కనిపించే విషయమే. దానికి తిండి సరిచేయడం ఉంది, మందులూ ఉన్నాయి. తిట్టడానికి ఎవరూ కూర్చుని లేరు.

ఇంకొకటి, కొత్తగా సర్జరీ అయినవాళ్లు చదువుతుంటే: వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే ఇంటి చిట్కాలతో ఆగొద్దు. బీ1 విటమిన్ పడిపోతుంది. చూపు రెండుగా కనపడటం, నడక తూలడం మొదలైతే అది ఎమర్జెన్సీ.

ఎడిసన్ అక్క:

చెల్లీ, నాకు 2017లో న్యూజెర్సీలో స్లీవ్ అయింది. ఇక్కడ గుర్తింపు పొందిన బేరియాట్రిక్ సెంటర్లకి సపోర్ట్ గ్రూపు నడపడం కూడా ప్రమాణాల్లో ఒక భాగం. మా హాస్పిటల్లో నెలకోసారి సాయంత్రం కూర్చునేవాళ్లం. సర్జరీ ఇంకా కానివాళ్లు, అయి పదేళ్లయినవాళ్లు, అందరూ ఒకే గదిలో. నాకు నచ్చింది అదే. ఇంకా సర్జరీ కానివాళ్లు వచ్చి "నీళ్లు గుటకలు గుటకలుగా తాగాలా, ఎందుకు?" అని అడిగితే, తాము కూడా గడగడా తాగేస్తున్న సంగతి పాతవాళ్లకి అప్పుడు గుర్తొస్తుంది. మీ గ్రూపులో అందరూ ఒకే ఏడాది వాళ్లయితే పోటీ తప్పదు. ముందువాళ్లనీ వెనకవాళ్లనీ కలపండి.

ఆ గదిలో నేనొక్కదాన్నే తెలుగు. వాళ్లు టర్కీ ముక్కలు, కాటేజ్ చీజ్ గురించి మాట్లాడుకుంటుంటే నాకు కావాల్సింది గోంగూర పప్పు ఎన్నో వారం తినొచ్చు, ఉప్మా ఎందుకు గొంతులో ఇరుక్కుంటోంది అని. చివరికి గుడి కిచెన్‌లో పరిచయమైన ఇద్దరితో వీడియో కాల్ మొదలైంది. వాళ్లలో ఒకరు డల్లాస్‌కి మారిపోయారు, అయినా కాల్ నడుస్తోంది. కిందటి వారమంతా జారిపోయిన చేతుల చర్మం గురించే మాట్లాడుకున్నాం. పట్టుచీర జాకెట్లు మళ్లీ కుట్టించుకోవడం గురించి హాస్పిటల్ గ్రూపులో ఎవరితో చెప్పుకుంటాం?

మీ ఆయన్ని కూడా ఒక్కసారి కాల్‌లో కూర్చోబెట్టు. మావారు మొదట్లో "ఇంకో ముద్ద తిను, నీరసపడతావు" అని ఒకటే గోల. ఒకసారి నాకు అన్నం ఇరుక్కుని సింక్ దగ్గర నురగ కక్కడం చూశారు, ఆ తర్వాత అనలేదు. చూడకముందే చెప్పి ఉంటే బాగుండు. మా అమ్మ అయితే కార్తీక సోమవారం ఉపవాసం మానేశానని రెండేళ్లు అలిగింది. డాక్టర్ ఒద్దన్నారని చెప్తే దేవుడికి డాక్టర్ ఏంటంది. సరే, అది వేరే కథ.

స్కూల్లో అందరికీ చెప్పాల్సిన అప్పేమీ లేదు నీకు. ఒక్కరికి మాత్రం చెప్పు. రేపు అసెంబ్లీలో కళ్లు తిరిగి పడితే, ఈమెకి ఫలానా సర్జరీ అయింది, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఇచ్చేముందు సర్జన్‌కి ఫోన్ చేయండి అని చెప్పేవాళ్లు పక్కన ఉండాలి.

ఖమ్మం టీచర్:

అందరికీ చాలా థాంక్స్. గోదారి అన్నగారూ, నెయ్యి గిన్నె మాట చదివి పడీపడీ నవ్వాను. మగపెళ్లివారిమే కానీ రిసెప్షన్ మా ఇంటి దగ్గరే, అక్కడ పనికొస్తుంది.

ఆ అక్కకి ఫోన్ చేశాను. పెరిగింది ఆరు కిలోలట, అంతే. గ్రూపులో ఎవరో "మీరు మళ్లీ అన్నం మొదలెట్టినట్టున్నారు" అన్నారట, దాంతో వెళ్లిపోయింది. ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం. వచ్చే వారం నుంచి మేమిద్దరం, కొత్తగూడెంలో సర్జరీకి డేట్ తీసుకున్న ఒకావిడ, ముగ్గురం పొద్దున ప్లేటు ఫోటోతో మొదలెడుతున్నాం. డైటీషియన్ మేడమ్ చెప్పినట్టు తూకం మాత్రం ఎవరిది వాళ్లు హాస్పిటల్‌కే పంపుకుంటాం. పాత గ్రూపులో కూడా ఉంటాను. కొత్తవాళ్లు పప్పుకట్టు గురించి అడిగితే చెప్పేవాళ్లు కావాలిగా. సోమవారం పూట మ్యూట్‌లో పెట్టేశాను.

స్కూల్లో హిందీ మేడమ్‌కి చెప్పాను. "మా వదినకి కూడా అయింది, మా ఇంట్లోనూ థైరాయిడ్ అనే చెబుతాం" అంది! ఇప్పుడు బజ్జీల పొట్లం వస్తే తనే అడ్డం పడుతోంది.

నా డబ్బా అడిగారు కదా మేడమ్, మీరు ఊహించిందే, పెరుగన్నం. రేపటి నుంచి గుడ్డు, అలసందల గుగ్గిళ్లు.

ఇంకో డౌట్. నేను పొద్దున ఐదున్నరకి థైరాయిడ్ మాత్ర, ఆరున్నరకి టీతోపాటు ఐరన్, కాల్షియం రెండూ వేసేసుకుని బస్సెక్కుతున్నాను. కాల్షియం కూడా ఇంట్లో ఉన్న పాత కార్బొనేట్ డబ్బా. ఇది సరేనా?

విశాఖ డైటీషియన్:

అలా అన్నీ ఒకేసారి వేసుకుంటే ఏదీ సరిగ్గా ఒంటపట్టదు. థైరాయిడ్ మాత్రకీ, ఐరన్, కాల్షియంలకీ నాలుగు గంటల దూరం ఉండాలి. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు. టీలోని టానిన్లు ఐరన్‌ని పట్టి ఉంచేస్తాయి, కాబట్టి టీతో అసలు వద్దు, ముందూ వెనకా గంట దాకా టీ తాగొద్దు. కార్బొనేట్ కరగడానికి కడుపులో యాసిడ్ కావాలి, మీకు అది తగ్గిపోయింది కాబట్టి సిట్రేట్ రకానికి మార్చమని మీ డాక్టర్‌ని అడగండి. రోజుకి మొత్తం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒకేసారి 500 నుంచి 600 మించకుండా విడగొట్టి.

మీ టైముకి ఇలా కుదురుతుంది: ఐదున్నరకి థైరాయిడ్. స్కూల్లో లంచ్ తర్వాత ఒకటి, సాయంత్రం ఇంటికి వచ్చాక ఒకటి కాల్షియం. ఐరన్ రాత్రి పడుకునే ముందు, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండిన నీళ్లతో. రాత్రి కడుపులో తిప్పితే రోజు మార్చి రోజు వేసుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి. ఫెరిటిన్ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తాను.